మనిషికి నాలుగు వందల నడక

గోదావరి డెల్టాలో నడవడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఏటిగట్టు ఉంది, కాలువ గట్టు ఉంది, సముద్రం ఒడ్డున సరుగుడు తోటల పక్కన కావలసినంత ఇసుక ఉంది. అయినా మేం ముగ్గురం నడకకని 1,200 రూపాయలు సమర్పించుకున్నాం, అదీ 22 నిమిషాల నడకకు. ముందు ఆ కడుపుమంట చల్లారితే గానీ మిగతా సంగతులు రాయలేను.

రాజోలు వైపు, గోదావరి పాయ ఒడ్డున ఒక రిసార్టు. గది రోజుకు 5,200. మా ఆయన, వదిన, నేను, ముగ్గురం కాబట్టి అదనపు పరుపుకు ఇంకో 700. ఫోనులో మాట్లాడినప్పుడు "ప్రకృతి నడక కూడా ఉంది మేడమ్, మా మనిషి తోడుండి అడవి, ఏరు అన్నీ చూపిస్తాడు" అన్నారు. ఎండెక్కకముందే, ఆరింటికల్లా బయలుదేరాలని మరీ మరీ చెప్పాను. తెల్లారి ఆరింటికి చూస్తే గేటుకు తాళం. తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు నిద్రలో. ఏడున్నరకు ఒక కుర్రాడు ఆవలిస్తూ వచ్చి, భోజనశాల వెనక నుంచి మమ్మల్ని రొయ్యల చెరువు గట్టెక్కించాడు. చెరువులో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి, పక్కన జనరేటరు డీజిల్ వాసన. గట్టు చివర రెక్కల బొమ్మ వేసిన గోడ ఒకటుంది, దాని ముందు నిలబడితే ఫొటో తీస్తానన్నాడు. "అడవి ఏదయ్యా?" అంటే కొబ్బరి తోట చూపించాడు. ఏరు మాత్రం కనిపించింది, ముళ్లకంచెకు అవతల.

బిల్లులో "ప్రకృతి నడక, 3 × 400" అని శుభ్రంగా టైపు చేసి ఉంది. ఇది నడకా అని అడిగితే "అందరూ బాగుందనే వెళ్తారు మేడమ్" అన్నాడు మేనేజరు, నా ముఖం కూడా చూడకుండా. నేను వాదిస్తూండగానే మా ఆయన డబ్బు కట్టేశారు. ఎక్కడికి వెళ్లినా ఆయనకు పరువే ముఖ్యం. వదిన కోపం నడక మీద కాదు, కొబ్బరిబొండం మీద. "చుట్టూ ఇంత తోట పెట్టుకుని బొండం 80 రూపాయలా? రోడ్డు మీద 30కి ఇస్తున్నారు కదరా తమ్ముడూ!" మలికిపురం దాకా మేమిద్దరం ఆయనతో మాట్లాడలేదు.

నిజానికి అంతకుముందు కోరింగ మడ అడవి చూసి ఉండటం వల్లే ఆ రొయ్యల చెరువు అంత మంట పుట్టించింది. కాకినాడలో బస బాగుంది, దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అక్కడి నుంచి యానాం రోడ్డులో వెళ్తే కోరింగ అభయారణ్యం వస్తుంది. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. మనం నడిచేది అందులో చెక్కల వంతెన బాట ఒక్కటే. తీరిగ్గా చూసుకుంటూ నడిస్తే గంట పడుతుంది. కానీ ఎప్పుడు వెళ్తామన్నదే అసలు కీలకం. పోటు మీద, అంటే సముద్రం నీరు ఎక్కినప్పుడు వెళ్తే చెట్లు, నీళ్లు తప్ప ఏమీ ఉండదు. నీరు తీశాక వెళ్లాలి. మేం వెళ్లేసరికి మడ చెట్ల ఊపిరి వేళ్లు బురదలోంచి నిటారుగా పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న పీతలు. మగ పీతకు ముందుకాలు ఒకటి ఒళ్లంత ఉంటుంది. దాన్ని పైకెత్తుతుంది, దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది. పక్క బొరియ దగ్గర ఇంకోటీ అదే పని. మోకాళ్ల నొప్పని అంతవరకూ సణుగుతున్న వదిన కమ్మీ పట్టుకుని వంగి, వాటిని చూస్తూ అక్కడే ఉండిపోయింది. ఒక్క జాగ్రత్త: కొమ్మలు విరవకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆదివారం అసలు వెళ్లకండి, ఆ అరుపులకు పిట్ట అన్నది వాలదు.

పోటు లెక్క పెద్ద విద్యేమీ కాదు. రోజుకు రెండు పోట్లు, వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పున్నమికి నీరు బాగా ఎక్కుతుంది, బాగా తీస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో రెండూ తక్కువే. క్యాలెండరులో తిథి చూసుకుని, రేవులో ఎవరినైనా వేళ అడిగితే సరి. వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఏ రిసార్టూ చెప్పదు.

యానాంలో భోజనం దగ్గర మాత్రం చిన్న గొడవ. మేం వెళ్లింది కార్తీకంలో, చీరమేను దొరికే రోజులు. ఒక ఇంటి ముందు బల్లలు వేసి నడుపుతున్న హోటల్లో చీరమేను గారెలు, ప్లేటు 150. వెంట్రుకంత సన్నటి చేపపిల్లలను పిండితో కలిపి వేయిస్తారు. అంచు కరకరలాడుతుంది, లోపల మెత్తగా, కాస్త ఉప్పగా ఉంటుంది. మా ఆయన రెండో ప్లేటు చెప్పారు. కార్తీకమాసం నియమం పట్టిన వదిన పెరుగన్నం కలుపుకుంటూ తమ్ముడి వైపు చూసిన చూపు నేను వర్ణించలేను. "నాన్నగారు ఉంటేనా..." అని ఆపేసింది. ఆయన తినడం మాత్రం ఆపలేదు.

రిసార్టు నుంచి బయటపడ్డాక అంతర్వేది వెళ్లాం. మలికిపురంలో మాట్లాడుకున్న ఆటోకు రానుపోను, అక్కడ ఆగడంతో కలిపి 900. "మూడు గంటలు ఆగాలయ్యా" అంటే "ఆయ్, అలాగేనండి" అన్నాడు, నాలుగు గంటలైనా పైసా ఎక్కువ అడగలేదు. భీమవరం వైపు నుంచి వచ్చేవాళ్లకు నరసాపురంలో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగడం దగ్గర దారి. నరసింహస్వామి దర్శనం అయ్యాక లైట్‌హౌస్ వైపు నడిచి, ఒడ్డు వెంట అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాం. ఒకవైపు గోదావరి పాయ వశిష్ఠ, ఒకవైపు సముద్రం. నీరు తీసినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉండి హాయిగా నడిపిస్తుంది. పోటు మీద వెళ్తే పైనున్న పొడి ఇసుకే గతి, అడుగు అడుగుకూ కూరుకుపోతూ పిక్కలు పట్టేస్తాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన "ఇవాళ నవమి కదమ్మా, నీరు పెద్దగా ఎక్కదు. పున్నమి వెళ్లిన మర్నాడైతే ఈ సరుగుడు చెట్ల దాకా వస్తుంది" అన్నాడు. అక్కడ స్నానానికి లోపలికి దిగవద్దనీ ఆయనే చెప్పాడు, మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట లాగుడు ఎక్కువట. ఆ సలహాకు ఆయన తీసుకున్నది సున్నా. మాఘమాసంలో కల్యాణం రోజుల్లో మాత్రం నడక ఆశ పెట్టుకోకండి, ఇసుక వేస్తే రాలనంత జనం.

నవంబరులో వచ్చేవాళ్లు వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి. కోరింగ రేవును నాశనం చేసిన 1839 తుపాను నవంబరులోదే, కోనసీమ కొబ్బరి తోటలను కూల్చిన 1996 తుపాను కూడా నవంబరు 6న వచ్చిందే.

తిరుగు దారిలో లొల్ల లాకుల దగ్గర దిగి కాలువ గట్టు మీద నడిచాం. చెట్ల నీడ, పక్కన నిండుగా నీళ్లు, మోకాళ్లకు శ్రమ లేదు. వదినకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. వేసవిలో కాలువలు కట్టేశాక వెళ్తే మాత్రం బురదే. శనివారం అసలు పెట్టుకోవద్దు, పక్కనే వాడపల్లి వెంకన్న, ఏడు శనివారాల మొక్కు జనంతో దారి కదలదు. ఆత్రేయపురంలో పూతరేకులు కొనేటప్పుడు బెల్లంవి అడగండి. పది రేకుల పెట్టెకు 220 ఇచ్చాం. పంచదారవి 180కి వస్తాయని మా ఆయన అన్నారు గానీ, ఆ పూట ఆయన మాట వినేవాళ్లెవరూ లేరు.