ఒక్కటే చేశామన్న లాకెట్‌కు జంట కనిపించింది: కొనేవారికి హెచ్చరిక

ఇది రాస్తున్నప్పటికీ నా కోపం చల్లారలేదు. ఎవరి దగ్గర కొన్నానో పేరు పెట్టి చెప్పను. సమకాలీన కళాకారుల బంగారు నగలు కొనేవారిలో ఆ అమ్మకందారు తెలియనివారు తక్కువే. “కళాకారిణి స్వయంగా చేతితో చేసినది, ఇలాంటిది మరొకటి లేదు” అన్న హామీని నమ్మి 18 క్యారెట్ల లాకెట్ తీసుకున్నాను. బొటనవేలి గోరంత పలక మీద, ఆవగింజకంటే చిన్న బంగారు గుండ్లను వరుసలుగా అతికిన గ్రాన్యులేషన్ పని అది.

క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలోనే ప్రాచీన ఇటలీకి చెందిన ఎట్రుస్కన్లు ఆరితేరిన విద్య ఇది. బంగారు తీగ ముక్కలను బొగ్గుపొడిలో వేసి కాలిస్తే అవి కరిగి వాటంతట అవే గుండ్రంగా మారతాయి. వాటిని ఒక్కొక్కటిగా కుంచె కొనతో ఎత్తి, రాగి లవణం కలిపిన జిగురుతో నిలిపి, వేడిని సరిగ్గా అందవలసిన చోట ఆపగలిగితే, గుండు పలకను తాకిన ఆ చుక్కంత మేరే అతుకుతుంది. వేడి కాస్త మించితే పనంతా కరిగి ముద్దవుతుంది. నేను డబ్బు పెట్టింది ఆ నేర్పుకు.

నా లాకెట్‌లో మూడో వరుసలో, ఎడమ నుంచి నాలుగో గుండు వరుస తప్పి కొంచెం పైకి జరిగి ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే, ఎందుకంటే చేసిన మనిషి చెయ్యి అక్కడ కనిపించేది. గత వారం మరొకరి మెడలో అలాంటి లాకెట్టే చూసి, అడిగి చేతిలోకి తీసుకున్నాను. అక్కడ కూడా మూడో వరుసలో నాలుగో గుండు అంతే పైకి జరిగి ఉంది. చేతి పొరపాటు రెండోసారి అచ్చంగా అలాగే పడదు.

ఇంటికి వచ్చి పది రెట్ల భూతద్దంతో చూశాను. ప్రతి గుండు కింద కనిపించవలసిన సన్నని సందు లేదు. అచ్చులో పోసినట్టు అడుగంతా పూడుకుపోయి ఉంది. కళాకారిణికి రాస్తే, తాను ఒక్కటే చేశానని, అచ్చు తీయడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదని జవాబిచ్చారు. ఆమె పంపిన కొలతల కంటే నాది కొద్దిగా చిన్నది. అసలు నగ నుంచి తీసిన అచ్చులో పోసే మైనం, ఆ మైనపు నమూనా స్థానంలో ఆ తర్వాత పోసిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతాయి కనుక, పోత నకలు అసలుకంటే చిన్నదవుతుంది.

అప్పుడు అమ్మకందారుకు ఫోన్ చేశాను. ఆయన కాదనలేదు, క్షమాపణా చెప్పలేదు. “750 ముద్ర ఉంది కదా, పరీక్ష చేయించుకోండి. బంగారం బంగారమే, మీకు పోయిందేమిటి?” అన్నారు. గుండ్ల సంగతి ఎత్తేసరికి, “వాటిని భూతద్దం పెట్టి ఎవరు చూస్తారమ్మా?” అని ఫోన్ పెట్టేశారు. రాత్రింబవళ్లు కూర్చుని ఆ గుండ్లను ఒక్కొక్కటిగా అతికిన మనిషి పనిని అమ్ముకుంటూ బతికే వ్యక్తి నోటి నుంచి వచ్చిన ఆ మాట, పోయిన డబ్బుకంటే ఎక్కువగా నన్ను గాయపరిచింది.

పరీక్ష కూడా చేయించాను. ముద్ర నిజమే, వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారమే. అది ఎవరి చేతి పని అన్నది మాత్రం ఆ ముద్ర చెప్పదు. 1980లో ఓటో క్యూంజ్లి అనే స్విస్ నగల కళాకారుడు బంగారు గోళాన్ని నల్లటి రబ్బరు గొట్టంలో దాచి కంకణం చేశారు. రబ్బరు కోస్తే తప్ప బంగారం కనిపించదు కనుక, ధరించేవారికి ఆ కళాకారుడి మాటే ఆధారం. నేనూ మాటనే నమ్మాను, కానీ అది చేసిన మనిషి మాట కాదు. డబ్బు కట్టకముందే కళాకారిణికి ఒక్క ఉత్తరం రాసి ఉండవలసింది. ఆ తప్పు నాదే.

మీరు కొనేముందు చేసినవారినే నేరుగా అడగండి, కొలతలూ బరువూ వారి నుంచే రాతపూర్వకంగా తీసుకోండి. ఇప్పటికే ఆయన దగ్గర ఈ లాకెట్ కొన్నవారు ఉంటే, మూడో వరుసలో ఎడమ నుంచి నాలుగో గుండును చూసి నాకు తెలియజేయండి. కళాకారిణి నకళ్ల లెక్క సేకరిస్తున్నారు.