మొదటి గిటార్ కిట్‌కి ఏది మేలు: టెలీ, స్ట్రాట్, లెస్ పాల్?

కిట్ (బిగించుకునే విడి భాగాలు) కొని ఎలక్ట్రిక్ గిటార్ చేసుకోవాలనుకునే కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "అన్నా, టెలీ తీసుకోనా, స్ట్రాటా, లెస్ పాలా? ఏది బాగా మోగుతుంది?" టెలీ అంటే టెలీకాస్టర్, స్ట్రాట్ అంటే స్ట్రాటోకాస్టర్; లెస్ పాల్‌తో కలిపి మూడూ పేరున్న ఎలక్ట్రిక్ గిటార్ మోడళ్లు. మోత సంగతి తర్వాత, ముందు నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కర్ర) బాడీకి ఎలా అతుకుతుందో చూడమంటాను. నేను మొదట లెస్ పాల్ కిట్ చేశాను, తర్వాత టెలీ చేశాను. ఆ రెండూ చేశాకే ఈ మాట చెబుతున్నాను.

తీగల మోతని పట్టే పికప్‌లు నచ్చకపోతే విప్పి వేరేవి పెట్టుకోవచ్చు. ట్యూనింగ్ కీలు జారుతుంటే మార్చుకోవచ్చు. ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీల) అంచులు గుచ్చుకుంటే ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. చవక కిట్లలో ఆ పని ఎలాగూ తప్పదు, ఏ మోడల్ కొన్నా అంతే. నెక్ వంకరగా అతుక్కుంటే మాత్రం ఇవేవీ పనికిరావు.

లెస్ పాల్ పద్ధతిలో నెక్‌ని జిగురుతో అతికిస్తారు. పైగా అది సుమారు 4 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి, ఎందుకంటే తీగలు ఆనే బ్రిడ్జ్ బాడీ మీద ఎత్తుగా కూర్చుంటుంది. నేను అతికించిన రోజు అంతా సరిగ్గానే కనిపించింది. అతుకుని బిగబట్టిన క్లాంపులు తీసి తీగలు ఎక్కించాక చూస్తే, పై ఫ్రెట్ల దగ్గర సన్నటి తీగ నెక్ అంచు దాటి కిందికి జారిపోతోంది. నెక్ పక్కకి ఒక్క మిల్లీమీటరు తిరిగింది, అంతే. బ్రిడ్జ్ జరుపుదామంటే దాని రంధ్రాలు కిట్‌లోనే వేసి వచ్చాయి. జిగురు ఊడదీయాలంటే ఆవిరి పట్టాలి, ఆ పని నాకు చేతకాదు. ఆ గిటార్ మీద 12వ ఫ్రెట్ దాటి వాయించలేను. నెలన్నర కష్టం అలా అయిపోయిందని చాలా బాధపడ్డాను.

టెలీలో కూడా అచ్చం ఇదే సమస్య వచ్చింది. నాలుగు స్క్రూలు కొంచెం వదులు చేసి, నెక్‌ని చేత్తో పక్కకి నొక్కి, మళ్లీ బిగించాను. రెండు నిమిషాల పని. తీగలు మరీ ఎత్తుగా ఉండి, బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిళ్లు పూర్తిగా దించినా తగ్గలేదు. అప్పుడు నెక్ కూర్చునే గాడిలో, బ్రిడ్జ్ వైపు చివర, విజిటింగ్ కార్డు ముక్క ఒకటి పెట్టాను. అంత పల్చటి ముక్కతోనే బ్రిడ్జ్ దగ్గర దాదాపు మిల్లీమీటరు తేడా వస్తుంది. ఇలాంటి నెక్‌ని బోల్ట్-ఆన్ అంటారు గానీ నిజానికి అవి చెక్క స్క్రూలే. బిగించే ముందు వాటికి కొవ్వొత్తి మైనం రాయండి, లేకపోతే గట్టి మేపుల్ నెక్‌లో స్క్రూ తల తెగిపోయే ప్రమాదం ఉంది.

నెక్‌ని స్క్రూలతో బిగించే ఈ పద్ధతిని గిటార్లకి తెచ్చి నిలబెట్టిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. చెడిపోయిన భాగాన్ని విప్పి మార్చాలన్నది రిపేరు చేసేవాడి ఆలోచన. 1950లో వచ్చిన ఆయన గిటార్ మరుసటి ఏడాదికి టెలీకాస్టర్ అయింది. ఇంట్లో మొదటిసారి గిటార్ చేసేవాళ్లకి ఆ ఆలోచన ఇప్పటికీ ఎంత మేలు చేస్తుందో నా టెలీ విప్పినప్పుడల్లా అనిపిస్తుంది.

స్ట్రాట్ నెక్ కూడా స్క్రూలతోనే బిగుస్తుంది, స్కేల్ (మోగే తీగ పొడవు) కూడా అదే 648 మిల్లీమీటర్లు. ఆ లెక్కన అది టెలీకి సమానమే. బాడీ ఒంపులు ఒంటికి హాయిగా ఆనుతాయి, అందులో టెలీ కంటే మెరుగు. ఇబ్బంది ట్రెమొలో బ్రిడ్జ్‌తోనే, అంటే పుల్ల నొక్కి శ్రుతి ఊపే బ్రిడ్జ్‌తోనే. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్‌లో ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ కదులుతాయి. కొత్తవాళ్లకి పెద్ద టెన్షన్. వెనకాల స్ప్రింగులు పట్టుకున్న రేకు స్క్రూలు బాగా బిగించి, బ్రిడ్జ్ బాడీకి ఆని కూర్చునేలా చేసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

లెస్ పాల్ గెలిచే చోటు ఒకటుంది, దాన్ని దాచను. దానికి హంబకర్ పికప్‌లు వస్తాయి, రెండు తీగచుట్టలతో అవి గుయ్యిమనే రొదని తగ్గిస్తాయి. టెలీ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌లు ట్యూబ్‌లైట్ కింద, ఎర్త్ సరిగా లేని పాత ఇంట్లో బాగా గుయ్యిమంటాయి. బ్రిడ్జ్‌కి గ్రౌండ్ వైరు తప్పక కలపండి. దాంతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మీరు ఎక్కువ డిస్టార్షన్‌తో (మోతని గరగరలాడించే ఎఫెక్ట్‌తో) వాయించేవాళ్లయితే ఇది చిన్న విషయం కాదు.

రంగు వేయడంలో మళ్లీ టెలీయే సులువు. బాడీ చదునైన పలక, ఉప్పుకాగితంతో రుద్దడం తేలిక. లెస్ పాల్ ఒంపు మీద అతికించిన పల్చటి వెనీర్ (చెక్క పొర) రెండు రుద్దులు ఎక్కువైతే చిరిగి కింది చెక్క బయటపడుతుంది. వానాకాలంలో లాకర్ (మెరుపు పూత) కొట్టకండి, తేమకి తెల్లగా పాలిపోతుంది.

వి ఆకారం, హెడ్‌లెస్ (తల లేనివి), సెమీ హాలో (సగం బోలువి) కిట్లు రెండోసారికి ఉంచుకోండి.

ఇంత చెప్పినా లెస్ పాలే కావాలంటే, ముందు బోల్ట్‌తో వచ్చేది దొరుకుతుందేమో చూడండి, చవక కిట్లలో అలాంటివీ ఉంటాయి. జిగురుదే అయితే, నెక్‌ని ఊరికే గాడిలో కూర్చోబెట్టి, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా రెండు అంచు తీగల చోట దారాలు లాగి కట్టండి. రెండు వైపులా నెక్ అంచు నుంచి దారం సమాన దూరంలో కనిపించేదాకా జిగురు సీసా మూత తీయకండి.