మెట్ల కింది టాయిలెట్‌తో పదకొండేళ్ళు

మొదటి ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు కింది అంతస్తులో టాయిలెట్ లేదన్న సంగతి నేను గమనించకపోలేదు. గమనించాను, లెక్కచేయలేదు. పైకి పదమూడు మెట్లు. నాకు అప్పుడు ముప్పై మూడేళ్ళు. మెట్లెక్కడం కూడా ఒక కష్టమేనా అనుకుని సంతకం పెట్టేశాను. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉన్నాం. తరవాత కొన్న ఇంట్లో మెట్ల కింద ఒక చిన్న టాయిలెట్ ఉంది. దాన్ని వాడుతూ పదకొండేళ్ళయింది. లేకపోతే ఎలా ఉంటుందో, ఉండీ సరిగ్గా లేకపోతే ఎలా ఉంటుందో రెండూ చూసినవాణ్ణి కాబట్టి ఇది రాస్తున్నాను.

లేని ఇంటి సంగతి ముందు. మామూలు రోజుల్లో పెద్ద ఇబ్బందేమీ లేదు, నిజం చెప్పాలి. చిన్న చిన్న విసుగులు ఉండేవి. పాపకు టాయిలెట్ అలవాటు చేస్తున్న రోజుల్లో, తను "వస్తోంది" అనడానికీ వచ్చేయడానికీ మధ్య ఉండే వ్యవధి పదమూడు మెట్లకు ఎప్పుడూ సరిపోలేదు. ఇంటికి వచ్చినవారు బాత్రూం ఎక్కడని అడిగితే పైకి పంపాలి, వారు మా పడకగది మీదుగా వెళ్ళాలి. అంటే ఎవరైనా వస్తున్నారంటే కింద హాలుతో పాటు పైన పక్కలు కూడా సర్దుకోవాలి. ఇలాంటి వాటి కోసం ఎవరూ ఇల్లు అమ్ముకోరు.

అయిదో ఏడు నా చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు. ఊతకర్రలతో మెట్లెక్కడం నాకు చేతకాలేదు. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆనించుకుంటూ, ఒక్కో మెట్టే పైకి జరిగేవాణ్ణి. రెండో రోజుకే దీనికి ఉపాయం కనిపెట్టాను: నీళ్ళు తాగడం తగ్గించాను. గొప్ప తెలివైన పని చేశాననే అనుకున్నాను. తలనొప్పి, మూత్రంలో మంట మొదలయ్యాక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నారని.

ఏడాది తిరిగాక అమ్మ వచ్చి నెల రోజులు ఉంది. మోకాళ్ళ నొప్పులు. ఆమెకు కింది గదిలోనే పక్క వేశాం. నాలుగో రోజు గమనించాను, సాయంత్రం అయిదు దాటాక ఆమె నీళ్ళ గ్లాసు ముట్టుకోవడం లేదు. అడిగితే "దాహం వేయడం లేదురా" అంది. ఆ అబద్ధం నాకు బాగా తెలుసు, ఏడాది కిందట నేను అందరితో చెప్పినదే. వయసు పెరిగేకొద్దీ రాత్రిళ్ళు లేవవలసి రావడం ఎక్కువవుతుంది. నిద్రమత్తు, చీకటి, మెట్లు ఒకచోట కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అప్పటికి చేయగలిగింది చేశాం: కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చి ఆమె గదిలో పెట్టాం. ఆమె దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. దాన్ని నేను శుభ్రం చేయాల్సి వస్తుందని.

ఇక రెండో ఇల్లు. ఈసారి మొదట అడిగింది అదే, కింద టాయిలెట్ ఉందా అని. ఉంది. తలుపు తీసి చూశాను. కమోడ్ కనబడింది, కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. మళ్ళీ సంతకం. ఉందా లేదా అన్నది సగం ప్రశ్నేనని తెలియడానికి వారం పట్టింది.

మొదట తల తగిలింది. మెట్ల కింద కప్పు ఒక వైపు ఎత్తు, మరో వైపు పల్లం. మన వీపు పల్లం వైపు ఉండేలా కమోడ్ పెడితే, కూర్చున్నప్పుడు ఆ తక్కువ ఎత్తు సరిపోతుంది, లేచి ముందుకు వచ్చేసరికి తలకు చోటు దొరుకుతుంది. మాది కట్టినవారు తిరగేసి పెట్టారు. కూర్చున్నంతసేపూ రాజసమే, లేవగానే కప్పు నెత్తిన ఒక మొట్టికాయ. నాలుగేళ్ళు ఆ మొట్టికాయలు తిన్నాను.

తలకు తగిలినది చిన్న దెబ్బ. అసలు బాధ నేల కింద ఉంది. కమోడ్ నుంచి బయటి మ్యాన్‌హోల్ దాకా మాకు 6 మీటర్లు. ఈ పైపు వ్యాసం సాధారణంగా 110 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి. అంటే మా ఆరు మీటర్లకు ఆ చివర పైపు కనీసం 12 సెంటీమీటర్లు కిందికి దిగి ఉండాలి. తవ్వి చూస్తే మాది దాదాపు చదునుగా పడుకుని ఉంది. మెట్ల కింద ఖాళీ ఉంది కదా అని ఎవరో తరవాతి కాలంలో టాయిలెట్ కట్టారు, పైపుకు వాలు దొరుకుతుందా అని చూడలేదు. రెండు నెలలకోసారి అడ్డుపడటం, ప్లంబర్ రావడం, పొడవాటి స్ప్రింగు తీగ పెట్టి కదిలించడం. నాలుగో ఏడు గచ్చు పగలగొట్టించి పైపు మార్పించాను. కమోడ్‌ను సరైన వైపుకు తిప్పించింది కూడా అప్పుడే. ఆ తరవాత ఈ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

వాలు దొరకని చోట మోటారు పెట్టే పద్ధతి ఒకటి ఉంది. కమోడ్ వెనక చిన్న పెట్టెలో మర ఉంటుంది. అది అంతా నలిపి సన్నటి పైపు గుండా పైకి, దూరానికి నెడుతుంది. నా మిత్రుడింట్లో అదే. పని చేస్తుంది, కాదనను. కానీ రాత్రి రెండు గంటలకు ఫ్లష్ చేస్తే ఇల్లంతా లేస్తుంది, కరెంటు పోతే ఆ టాయిలెట్ కూడా పోయినట్టే. ఎవరైనా తడి తుడుపు కాగితం ఒకటి వేశారా, మర విప్పాల్సిందే. ఇంట్లో అదొక్కటే టాయిలెట్ అయితే నేను మాత్రం దాన్ని నమ్ముకోను.

కింది టాయిలెట్‌కు ఉన్న ఒక స్వభావం ఎవరూ ముందుగా చెప్పరు. ఇంటి మురుగు పైపులన్నింటిలో అది అన్నిటికంటే పల్లాన ఉంటుంది. వీధి మురుగుకాలువ నిండి వెనక్కి తన్నితే ఆ నీళ్ళు ముందుగా పైకి వచ్చేది అక్కడే. ఒక పెద్ద వాన రాత్రి మాకు అది అనుభవమైంది. వివరాలు రాయను. మరుసటి వారమే బయటి పైపుకు వెనక్కి పారనివ్వని కవాటం బిగించాం. దాన్ని ఏడాదికోసారి తెరిచి శుభ్రం చేయకపోతే ఆ మూత కూడా ఇరుక్కుపోతుంది.

వాసన గురించి అందరూ అడుగుతారు. కమోడ్ కింద పైపు వంపు తిరిగి ఉంటుంది. అందులో అయిదు సెంటీమీటర్ల నీరు నిలిచి మురుగు గాలికి మూతలా పనిచేస్తుంది. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు పేటెంటు తీసుకున్న ఆ వంపే ఇప్పటికీ మన ఇళ్ళను కాపాడుతోంది. అయితే ఆ నీరు ఆవిరైపోతే మూత లేనట్టే. కమోడ్‌లో నీరు ఎక్కువ కాబట్టి త్వరగా ఎండదు, నేల మీది జాలీ కింద ఉండే నీరే ముందు ఎండుతుంది. మూడు వారాలు ఊళ్ళో లేక తిరిగి వస్తే ఇల్లంతా కంపు కొట్టింది. ప్లంబర్‌కు ఫోను చేయబోతుంటే అమ్మ వచ్చి జాలీలో రెండు చెంబుల నీళ్ళు పోసింది. అంతే.

తలుపు గురించి చెప్పాలంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మాది లోపలికి తెరుచుకునే తలుపు. ఆరో ఏడు ఒక ఉదయం అమ్మకు కళ్ళు తిరిగి లోపల తలుపుకు ఆనుకుని కూలబడింది. గడియ వేసి ఉంది. గడియ తీయగలిగినా నెట్టడానికి వీల్లేదు, నెడితే ఆమెకే తగులుతుంది. బందులు లోపలి వైపు ఉన్నాయి కాబట్టి తలుపు ఊడదీయలేం. ఆమె తేరుకుని, పక్కకు జరిగి, చేయి పైకి చాచి గడియ తీసేదాకా బయట నిలబడి మాట్లాడుతూనే ఉన్నాను. పది నిమిషాలు. ఆ వారాంతంలోనే తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను, బయటి నుంచి నాణెంతో తిప్పితే వచ్చే గడియ పెట్టించాను, కమోడ్ పక్కన గోడకు పట్టుకమ్మీ బిగించాను. వీటన్నిటికీ ఒక పూట పని. ఆరేళ్ళు ఎందుకు చేయలేదో నన్నడగకండి.

మార్చలేనిది వెడల్పు. చక్రాల కుర్చీలో ఉండే మా పెదనాన్న వచ్చినప్పుడు కుర్చీ వెడల్పు 65 సెంటీమీటర్లు, మా గుమ్మం 60. కుర్చీ లోపల పూర్తిగా తిరగాలంటే మీటరున్నర వ్యాసం ఖాళీ కావాలంటారు, మా గది వెడల్పే 90 సెంటీమీటర్లు. కింద టాయిలెట్ ఉన్న ఇంటికి వచ్చి కూడా ఆయన గంటన్నరలో వెళ్ళిపోయారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా కట్టే ఇళ్ళకు ప్రవేశ ద్వారం ఉన్న అంతస్తులోనే టాయిలెట్ ఉండాలన్న నిబంధన 1999 నుంచి అమలులో ఉంది. ఇంట్లో ఉండేవారి కోసమే కాదు, చూడటానికి వచ్చే వికలాంగుల కోసం కూడా. పెదనాన్న వెళ్ళిపోయిన రోజు దాని అర్థం నాకు బాగా తెలిసింది.

హాలులోకే తలుపు ఉండటం వల్ల చప్పుళ్ళు వినబడతాయి, వచ్చినవారు మొహమాటపడతారు. లైటు వేయగానే తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే దాని హోరులో అన్నీ కలిసిపోతాయి. ఫ్యానుకు గాలి అందేలా తలుపు కింద వేలెడు సందు ఉంచాలి.

ఇంతా అయ్యాక, కింద టాయిలెట్ లేని ఇల్లు కొంటానా అంటే, అక్కడ కట్టుకునే వీలుంటే కొంటాను. వీలు లేకపోతే, ఇల్లు ఎంత బాగున్నా కొనను. ఉన్న ఇల్లయితే ఒకరిని పైన ఫ్లష్ చేయమని, నేను కింద నిలబడి వింటాను. కింది కమోడ్‌లో గుడగుడమని బుడగలు వచ్చాయంటే మురుగు పైపుకు గాలి గొట్టం సరిగ్గా లేదనో, ఎక్కడో అడ్డం ఉందనో లెక్క. లేని ఇల్లయితే పై బాత్రూం పైపు ఏ గోడ వెంట దిగుతోందో చూస్తాను.

కిందటేడు మా చెల్లెలు చూసిన ఇంట్లో కింద టాయిలెట్ లేదు, కానీ ఆ పైపు దిగే గోడకు ఆనుకునే ఒక సామాన్ల గది ఉంది. మ్యాన్‌హోల్ రెండు మీటర్ల దూరంలో. కొనుక్కోమని చెప్పాను. కొని, దిగకముందే కట్టించేసింది. తలుపు బయటికే తెరుచుకుంటుంది, గుమ్మం 85 సెంటీమీటర్లు. కమోడ్ ఏ వైపు తిరిగి ఉండాలో మాత్రం నన్ను అడగలేదు. నా నెత్తి చూసి నేర్చుకున్నానంది.