ప్రభుత్వ థింక్ ట్యాంకా, స్వతంత్ర సంస్థా: ఏది మేలు?

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెబుతాను. ప్రాజెక్టుకు ఎర్ర సముద్రం గొడవను ఎంచుకున్న ఒక అమ్మాయి మొన్న రెండు ప్రింటౌట్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. రెండూ థింక్ ట్యాంకులవే, అంటే ప్రభుత్వ విధానాలను పరిశోధించి రాసే సంస్థలవి. ఒకటి ప్రభుత్వ డబ్బుతో నడిచే ఢిల్లీ సంస్థ రాసింది, రెండోది స్వతంత్ర సంస్థది. "ఏది నమ్మాలి సార్?" అని అడిగింది.

ఆ అమ్మాయి వాళ్ల నాన్న బంగారుపాళ్యం దగ్గర తోతాపురి మామిడి రైతు. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని సాయుధ వర్గం హూతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టాక, యూరప్‌కు పోయే సరుకు చాలావరకు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయింది. ప్రయాణం పది రోజులు పైనే పెరిగింది, కంటైనర్ కిరాయిలూ పెరిగాయి. మామిడి గుజ్జు పంపేవాళ్లకు ఖర్చు పెరిగితే ఆ భారం ఎక్కడో ఒకచోట కాయ ధర మీద పడుతుందని రైతుకు భయం. ఆమె అడిగింది మార్కుల కోసం కాదని అప్పుడే అర్థమైంది.

ముందు ప్రభుత్వం వైపు చూద్దాం. రక్షణ శాఖ నిధులతో 1965 నుంచి నడుస్తున్న ఐడీఎస్‌ఏ (రక్షణ అధ్యయన సంస్థ), ఢిల్లీ సప్రూ హౌస్‌లోని ఐసీడబ్ల్యూఏ (ప్రపంచ వ్యవహారాల మండలి) ఈ కోవలోవి. మన దేశం ఒక విషయంలో ఏ వైఖరి తీసుకుంది, ఎందుకు తీసుకుంది అన్నది తెలియాలంటే వీటినే ముందు చదవాలి. సైన్యంలో, దౌత్యంలో పనిచేసినవాళ్లు అక్కడ ఉంటారు. పైగా వచ్చే ఏడాది దాత దొరుకుతాడా లేదా అన్న టెన్షన్ లేదు. కానీ జీతమిచ్చే ప్రభుత్వాన్ని "ఇక్కడ మీరు తప్పు చేశారు" అని బహిరంగంగా అనడం ఎవరికైనా కష్టమే.

ఐసీడబ్ల్యూఏ కథ పిల్లలకు తప్పకుండా చెబుతాను. 1943లో అది ప్రభుత్వేతర సంస్థగా పుట్టింది. స్వాతంత్ర్యం రాకముందే, 1947 మార్చిలో ఆసియా దేశాలను ఢిల్లీకి పిలిచి సమావేశం పెట్టింది. 2001లో పార్లమెంటు చట్టంతో కేంద్రం చేతిలోకి వెళ్లింది. ఇప్పుడు దాని అధ్యక్షుడు ఉపరాష్ట్రపతి. ఒక సంస్థ స్వతంత్రంగా పుట్టినంత మాత్రాన చివరిదాకా అలాగే ఉండాలని లేదు.

స్వతంత్ర సంస్థల్లోనూ అన్నీ ఒకటి కావు. అమెరికాలోని కార్నెగీ సంస్థకు 1910లో పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ కోటి డాలర్ల మూలనిధి ఇచ్చాడు. అలాంటి నిధి వెనక ఉంటే రోజూ ఎవరి దగ్గరా చేయి చాచక్కర్లేదు. మన దగ్గర అంత నిధి ఉన్నవి అరుదు, అందుకే ఎక్కువమంది కంపెనీల మీదో విదేశీ విరాళాల మీదో ఆధారపడతారు. 1990లో మొదలైన ఓఆర్ఎఫ్‌కు (అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్) మొదట్లో అండ రిలయన్స్. 1973 నాటి సీపీఆర్‌కు (సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్) 2024 జనవరిలో విదేశీ విరాళాల లైసెన్సు రద్దయింది. ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఒక్క లైసెన్సుతో ఇబ్బందిలో పడుతుందంటే నాకు బాధగా ఉంటుంది.

బయట అంతా బాగుందనీ కాదు. పేరున్న వాషింగ్టన్ సంస్థలు విదేశీ ప్రభుత్వాల డబ్బు తీసుకుంటున్నాయని 2014లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. నార్వే లాంటి దేశం కూడా ఆ వరసలో ఉంది.

అయినా నా ఓటు స్వతంత్ర సంస్థకే. ఒక షరతు: ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ కనబడేలా పెట్టాలి. దాచిపెట్టే స్వతంత్ర సంస్థ కంటే, ప్రభుత్వ సొమ్మే తింటున్నానని ఒప్పుకునే సంస్థ వెయ్యి రెట్లు నయం. అక్కడ ఏ మాటను ఎంత తగ్గించి చదవాలో మనకు తెలుస్తుంది.

మన ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉందని చాలామంది పిల్లలకు తెలియనే తెలియదు. దాతల ఒత్తిడి లేకుండా మాట్లాడగలిగే చోటు అది. ఆ అమ్మాయిని అక్కడికీ పంపాను.

ఆ అమ్మాయి తెచ్చిన రెండు కాగితాలూ కలిసి చదివాం. రెండింటిలోనూ నౌకాదళం ఉంది, ఇరాన్ ఉంది, అమెరికా ఉంది. గుజ్జు డ్రమ్ము లేదు. ఇప్పుడు ప్రాజెక్టులో మూడో అధ్యాయం తనే రాస్తోంది. చిత్తూరులో ఒక ఎగుమతిదారు దగ్గర కూర్చుని, ఆ ఏడాది కిరాయి బిల్లులు ఒక్కొక్కటిగా నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తోంది.