తిరుమల రామచంద్ర గారి హంపీని వెతుక్కుంటూ ఒక సైకిలు యాత్ర

కమలాపురంలో సైకిళ్లు అద్దెకిచ్చే ఒక కుటుంబం, అడిగినవారికి గైడును తోడిచ్చి హంపీని ఒక రోజంతా తిప్పి చూపిస్తుంది. సైకిలు అద్దె, గైడు రుసుము, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపి మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. గత డిసెంబరులో నేనూ మా చెల్లెలూ ఆ సేవను వాడుకున్నాం. అయితే మేము వెళ్లింది విజయనగర రాజుల కోసం మాత్రమే కాదు, రచయిత తిరుమల రామచంద్ర గారి జ్ఞాపకం కోసం. అందువల్ల నా అభిప్రాయాన్ని ఆ దృష్టితోనే చదవమని మనవి.

రామచంద్ర గారు 1913లో అప్పటి అనంతపురం జిల్లా ధర్మవరం ప్రాంతంలోని రాఘవంపల్లిలో పుట్టారు. బాల్యంలో కొంత కాలం హంపీ, కమలాపురం పరిసరాల్లో గడిపారు. తరువాత తిరుపతిలో సంస్కృతం చదువుకుని, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, మద్రాసులోనూ లాహోరులోనూ పాత రాతప్రతుల మధ్య పనిచేసి, కొన్నాళ్లు సైన్యంలో గుమాస్తాగా ఉండి, చివరికి పత్రికా రచయితగా స్థిరపడ్డారు. హైదరాబాదులో అడవి బాపిరాజు గారి సంపాదకత్వంలో వెలువడిన మీజాన్ పత్రికలోనూ, ఆ తరువాత ఆంధ్రప్రభలోనూ పనిచేశారు. 1997లో కన్నుమూశారు. ఆయన ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాక’కు 2001లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆయన లేరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. గైడు ముప్పై ఏళ్లు దాటని యువకుడు. చదువు కన్నడంలో సాగినా, హొసపేట చుట్టుపక్కల చాలామందిలాగే తెలుగు చక్కగా మాట్లాడతాడు. మా కోరిక చెప్పినప్పుడు రామచంద్ర గారి పేరు తాను ఎన్నడూ వినలేదని దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. “ఆయన చిన్నప్పుడు ఏమి చూసి ఉంటారో అదే చూపిస్తాను, అక్కా” అన్నాడు, అన్నట్టే మొదట విఠలాలయంలోని రాతిరథం వైపు కాకుండా హజారరామాలయం వైపు సైకిలు తిప్పాడు. జనం రాకముందే ఆ గోడలను చూడగలగడం ఈ యాత్రలో మాకు దొరికిన పెద్ద మేలు. ప్రాకారపు గోడ వెలుపల ఏనుగులు, గుర్రాలు, నర్తకులు వరుసలు తీరి నడుస్తుంటారు, లోపల రామాయణం అంతస్తులు అంతస్తులుగా సాగుతుంది. ఏ పుస్తకమూ చేతికి అందని పిల్లవాడికి కూడా కథ చెప్పగల గోడలవి. శిల్పాన్నీ శాసనాన్నీ జానపదుల మాటనూ సమానమైన ప్రేమతో చూసిన ఆయన కన్ను ఎక్కడ తెరుచుకుందో ఆ గోడల ముందు నిలబడితే తెలిసినట్టు అనిపించింది.

విరూపాక్షాలయంలో గైడు చేసిన ఒక పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంలో రంగమండపం కట్టించిన సంగతిని సంస్కృత, కన్నడ భాషల్లో తెలిపే శాసనం అక్కడ ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే నాకు రాతి గరుకు తప్ప మరేమీ కనిపించలేదు. గైడు తన ఫోనులోని దీపం వెలిగించి, దాన్ని రాతికి దాదాపు ఆనించినట్టుగా పక్క నుంచి ఏటవాలుగా పట్టుకున్నాడు. ఆ వెలుగులో గీతల అంచుల వెంట సన్నని నీడలు పడి, అక్షరాలు ఒక్కసారిగా పైకి లేచాయి. కన్నడం చదవడం రాని నేను ఒక ‘మ’ను, ఒక ‘ర’ను గుర్తుపట్టాను. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలనీ, రాయల కాలానికి కూడా అవి పూర్తిగా వేరుపడలేదనీ ఎన్నోసార్లు చదివాను, కానీ వేలెడు దూరం నుంచి చూసింది ఇదే మొదటిసారి. మన లిపి పుట్టుపూర్వోత్తరాల మీద ఒక పుస్తకమే రాసి, ప్రాకృత పద్యాల సంకలనమైన గాథాసప్తశతిలో తెలుగు మాటలను ఏరి చూపిన మనిషి ఈ పరిసరాల్లో పెరిగాడంటే నాకు ఇప్పుడు ఆశ్చర్యం కలగడం లేదు.

ఇక లోపాల సంగతి. విఠలాలయంలో గంటన్నర, మహానవమి దిబ్బ దగ్గర, మెట్ల కోనేటి దగ్గర చాలినంత సేపు ఇచ్చారు గాని, కమలాపురంలోని పురావస్తు ప్రదర్శనశాలకు అరగంటే మిగిల్చారు. హంపీ మొత్తాన్ని చిన్న నమూనాగా మలిచి పెట్టిన చోటు అది. దాన్ని ఉదయమే చూపిస్తే తరువాత తిరిగే దారి అంతా మనసులో నిలుస్తుంది. శుక్రవారం ఆ ప్రదర్శనశాలకు సెలవు కాబట్టి ఆ రోజు తప్పించి వెళ్లడం మంచిది. తుంగభద్ర దాటి ఆనెగొందికి వెళ్లడం కూడా ఈ ఒక్క రోజు యాత్రలో లేదు, అందుకు మరో రోజు కావాలి. సైకిళ్లు బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండరాళ్ల సెగకు తొక్కడం కష్టం, డిసెంబరులోనే అలా ఉంటే వేసవిలో పెద్దవాళ్లు ఈ సాహసం చేయకపోవడమే మేలు. భోజనం జొన్నరొట్టె, గుత్తివంకాయ, పెరుగు. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

తెలుగు చదివేవారు ఈ యాత్రకు వెళ్లే ముందు ఆ ఆత్మకథను తప్పకుండా చదవాలని నా అభిప్రాయం. హంపీ దగ్గర బయలుదేరిన కుర్రవాడు ఒకప్పుడు రావి నది ఒడ్డున వెలసిన హరప్పా దాకా వెళ్లిన దారిలో ఎన్ని భాషలు నేర్చాడో, ఎంతమందిని మనసులో నిలుపుకున్నాడో తెలిసిన తరువాత ఈ రాళ్లు మనతో మరోలా మాట్లాడతాయి.

సాయంత్రం సైకిళ్లు అప్పగించి డబ్బు చెల్లిస్తుంటే, ఆ పుస్తకం పేరు రాసివ్వమని గైడు తన చిన్న పుస్తకం నా ముందు పెట్టాడు. నేను తెలుగులోనే రాశాను. అతను దాన్ని వెలుగులోకి వంచి పట్టుకుని, “హం... పీ... నుంచి... హరప్పా... దా...” అని కూడబలుక్కుంటూ చివరి అక్షరం దగ్గర ఆగిపోయాడు. “ఇది మాకు వేరేగా ఉంటుంది, అక్కా” అన్నాడు. అది ‘క’ అని చెప్పాను. పక్కనే తన ‘ಕ’ను రాసుకుని, రెండింటినీ కాసేపు చూసి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.