ఏడేండ్లు వాడినంక మా ఫ్రంట్ లోడ్ మిషిన్ గురించి: కొనేముందు మీ బోరు నీళ్ళు చూస్కోండి

మొన్న పరకాల దగ్గర ఊర్లె ఉండే మా వదిన ఫోన్ చేసి, మీ వాషింగ్ మిషిన్ ఏ కంపెనీది, మేం కూడా అదే తీసుకుంటం అన్నది. నేను పేరు చెప్పలె, ముందు మీ బోరు నీళ్ళు ఒక సీసల పట్టుకొని రా వదినా అన్న. మిషిన్ అడిగితే నీళ్ళ గురించి మాట్లాడ్తున్నదేంది అనుకున్నదేమో, కాసేపు చప్పుడు చెయ్యలె. ఫోన్‌ల అంత చెప్పుడు నాతోని కాలేదు, అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్న, వరంగల్ చుట్టుపక్కల బోరు నీళ్ళ మీద బతికే ఇంకెవరికన్నా పనికొస్తది.

కంపెనీ పేరు ఇక్కడ కూడా రాయట్లే. మేం కొన్న మోడల్ ఇప్పుడు రావట్లేదు, పైగా మా మిషిన్‌కు వచ్చిన కష్టాల్లో సగానికి పైన మా ఇంటి నీళ్ళు, కరెంటు వల్ల వచ్చినవే, ఇంకో కంపెనీది తెచ్చినా అవే వస్తుండె.

మేం కొన్నది 2018 దసరాకు. ఆ యేడు జులై ఆఖర్ల వాషింగ్ మిషిన్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించిన్రు, అందాక ఆగుదాం అని ఆగి పండుగ ఆఫర్‌ల తీస్కున్నం. 7 కిలోల ఫ్రంట్ లోడ్, అంటే ముందు దిక్కు తలుపు ఉండేది, స్పిన్‌ల నిమిషానికి 1200 సార్లు తిరుగుతది, 27 వేల 500 పడ్డది. అంతకు ముందు ఎనిమిదేండ్లు సెమీ ఆటోమేటిక్ వాడినం. ఇంట్ల మేం ఐదుగురం, అత్తమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఇల్లు హనుమకొండ నయీంనగర్ దిక్కు, కింది పోర్షన్, బోరు ఉంది, నల్లా కూడా ఉంది కానీ అప్పట్ల నల్లా నీళ్ళు తాగడానికి, వంటకే అనుకునేటోళ్ళం.

ఫిట్టింగ్ రోజే ఒక సంగతి అయ్యింది. ఫ్రంట్ లోడ్ మిషిన్ అరవై కిలోల పైనే ఉంటది, స్పిన్‌ల ఎగరకుండా లోపల కాంక్రీట్ దిమ్మెలు పెడ్తరు, బండిల తెచ్చేటప్పుడు డ్రమ్ము ఊగకుండా వెనక నాలుగు పెద్ద బోల్టులు బిగిస్తరు. తెచ్చిన పిలగాళ్ళు ఆ బోల్టులు తియ్యకుండనే ప్లగ్గు పెట్టి ఆన్ చేసి చూపిచ్చిన్రు, స్పిన్ మొదలయ్యేసరికి ఇల్లంత దడదడ, మిషిన్ జానెడు ముందుకు జరిగింది, అత్తమ్మ భయపడి స్విచ్ బంద్ చేసింది. తర్వాత కంపెనీ మనిషి వచ్చి బోల్టులు తీసి, కింద కాళ్ళు తిప్పి లెవెల్ చేసిండు. మీరు ఎవ్వరి కోసం చూడకుండ ముందు వెనకకు పోయి ఆ నాలుగు బోల్టులు తీసిన్రా లేదా చూస్కోండి. తీసినంక పారెయ్యకండి, ఇల్లు మారేటప్పుడు మళ్ళ కావాలె.

మొదటి రెండేండ్లు నిజంగ సంతోషపడ్డ. సెమీలో పావుగంటకు ఒకసారి లేచి బట్టలు ఇటు నుంచి అటు వేసుడు ఉండె కదా, అది పోయింది. పొద్దున వేసి వంట చేసుకుంటే వంట అయ్యేసరికి అయిపోయేది. స్పిన్ గట్టిగ తిప్పుతది కాబట్టి వానాకాలంల కూడా లోపల దండెం మీద వేస్తే ఒక రాత్రికి ఆరినయి, ఇది నాకు అన్నిటికంటే పెద్ద లాభం అనిపించింది, పిల్లల యూనిఫాం కోసం పొద్దుగాల ఇస్త్రీ పెట్టెతోని ఆరబెట్టుడు బందయ్యింది.

మూడో యేడు నుంచి తేడా మొదలయ్యింది. తెల్ల బట్టలు బూడిద రంగుకు తిరిగినయి, తువ్వాలలు అట్ట లెక్క గట్టిగ అయినయి, మొఖం తుడుచుకుంటే గీరుకపోయేది. నేనేమో సబ్బు పొడి సరిపోతలేదనుకొని ఇంకో చెంచా ఎక్కువేసిన, దాంతోని బట్టలకు తెల్ల మరకలు, మిషిన్ రబ్బరుకు జిగట, వాసన. 2021ల నీళ్ళు వేడెక్కుడు బందయ్యింది. బయట మెకానిక్‌ను పిలిస్తే హీటర్ తీసి నా చేతిల పెట్టిండు. వేన్నీళ్ళ కాయిల్ మీద తెల్ల పెంకు కడ్తది చూడుండ్రి, అదే, కానీ వేలు మందం. గీకితే పెచ్చులు పెచ్చులు రాలింది. 2,800 అయ్యింది హీటర్ మార్చినందుకు. డబ్బులకంటే ఎక్కువ బాధ ఏందంటే, మూడేండ్లల ఒక్కరు కూడా నాకు ఈ ముచ్చట చెప్పలె, అమ్మినోళ్ళు చెప్పలె, ఫిట్ చేసినోళ్ళు చెప్పలె.

అసలు జరిగేది ఇది. బోరు నీళ్ళల్ల కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటయి. నీళ్ళు వేడి చేస్తే ఆ కాల్షియం సున్నం లెక్క గట్టిపడి హీటర్‌కు అంటుకుంటది. ఆ పెంకు మీదికెల్లి వేడి నీళ్ళకు పోవాలంటే హీటర్ ఎక్కువసేపు కాలాలె, కాలి కాలి ఒకరోజు పోతది. ఇంకో దిక్కు సబ్బు పని కూడా చెడ్తది, సబ్బు మురికిని పట్టే బదులు కాల్షియంను పట్టుకొని కూర్చుంటది, అట్ల తయారైన జిడ్డే బట్టలకు, రబ్బరుకు అంటేది. అందుకే పొడి ఎంత పెంచినా లాభం లేదు.

అప్పుడు నీళ్ళ కఠినత చూసే చుక్కల మందు కిట్టు తెప్పిచ్చిన. గొట్టంల నీళ్ళు పోసి చుక్కలు వేసుకుంట రంగు మారేదాక లెక్కపెట్టుడే. మా బోరు లీటరుకు 480 మిల్లీగ్రాములు చూపిచ్చింది. తాగే నీళ్ళకు మన దేశ ప్రమాణంల 200 దాకా ఉండాలని, వేరే దిక్కు లేకుంటే 600 దాకా పర్వాలేదని ఉంది. అంటే తాగడానికి అట్లిట్ల నడిచే నీళ్ళు కూడా మిషిన్ హీటర్‌ను తినేస్తయి. ఒక మాట, టీడీఎస్ మీటర్ పెట్టి చూసి మా నీళ్ళు మంచివే అనుకోకండి. అది నీళ్ళల్ల కరిగినయన్ని కలిపి చెప్తది, అందుల సున్నం కట్టేది ఎంతో చెప్పదు.

తర్వాత ఇన్‌లెట్ పైపుకు పెట్టే చిన్న ఫిల్టర్ తీస్కున్న, లోపల తెల్ల గోలీలు ఉంటయి. పెట్టినంక మళ్ళ చుక్కల మందుతోని చూస్తే అదే 480. మోసపోయిన అనుకున్న, కానీ దాని పనే వేరు, అది కాల్షియంను తీసెయ్యదు, గట్టిగ అంటుకోకుండ చూస్తది. ఆ గోలీలు కరుగుతయి, మళ్ళ నింపాలె. నిజంగ నీళ్ళను మార్చాలంటే ఉప్పుతోని నడిచే సాఫ్ట్‌నర్ పెట్టాలె, ఒక్క మిషిన్ కోసం అంత ఖర్చు మాకు ఎక్కువనిపించింది.

మాకు దారి దొరికింది నల్లాల. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్ళు శుద్ధి చేసి ఇస్తరు కదా, అవే చుక్కల మందుతోని చూస్తే కఠినత బోరు నీళ్ళల్ల ఉన్నదాంట్ల మూడో వంతు కూడా లేదు. మా ఆయన డాబా మీద 500 లీటర్ల చిన్న ట్యాంకు వేరేగ పెట్టిచ్చి, దాంట్లకు నల్లా నీళ్ళు ఎక్కిచ్చి, అందుల నుంచి మిషిన్‌కు ఒక్కదానికే పైపు దింపిచ్చిండు. డ్రెయిన్ పైపు డ్రమ్ముల పెట్టి కొలిస్తే మా మిషిన్ ఒక్క వాష్‌కు 50, 60 లీటర్లు తాగుతది, ఒక్కసారి ట్యాంకు నింపితే వారం దాటుతది. ఇక్కడ చూస్కోవాల్సింది ట్యాంకు ఎత్తు. నీళ్ళ ఒత్తిడి ఎత్తును బట్టే వస్తది, మీటరుకు 0.1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత), మా మిషిన్‌కు తక్కువల తక్కువ 0.3 అడుగుతది, అంటే మూడు మీటర్లు. కింది పోర్షన్ కాబట్టి మాకు సరిపోయింది. పై అంతస్తుల ఉండి ట్యాంకు నెత్తి మీదనే ఉంటే నీళ్ళు నింపలేక మిషిన్ ఎర్రర్ చూపిస్తది, సర్వీసోళ్ళను పిలిచి లాభం లేదు, ట్యాంకు లేపాలె లేదంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టాలె.

దీనితోపాటు రెండు నెలలకోసారి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణంల దొరికేదే, ఒక 100 గ్రాములు ఖాళీ డ్రమ్ముల వేసి 60 డిగ్రీల మీద ఒక వాష్ నడిపిస్త. మొదటిసారి చేసినప్పుడు వెళ్ళిన నీళ్ళు మజ్జిగ లెక్క ఉండె. బ్లీచింగ్ పౌడర్‌తోని, తెల్ల బట్టలకు వేసే బ్లీచ్‌తోని మాత్రం నిమ్మ ఉప్పు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ లేస్తది, ఊపిరికి ప్రమాదం.

2021ల పెట్టిన హీటరే ఇప్పటికీ నడుస్తున్నది. పొడి సగానికి తగ్గిచ్చిన, ఇప్పుడు లిక్విడ్ వాడుతున్న, తువ్వాలలకు కంఫర్ట్ అసలే వెయ్య, అది వేస్తే మెత్తగ అనిపిస్తది కానీ తడి పీల్చుకోదు. అయిపోయినంక తలుపు దగ్గర రబ్బరు మడత విప్పి గుడ్డతోని తుడిచి, తలుపు తెరిచే పెడ్త. కింద మూలకు చిన్న మూత వెనక ఫిల్టర్ ఉంటది, నెలకోసారి విప్పితే చిల్లర, పిన్నీసులు, పిల్లల జేబుల నుంచి వచ్చిన ఇసుక, ఒకసారైతే అత్తమ్మ కాలి మెట్టె కూడా దొరికింది.

కరెంటు సంగతి. 2022 ఎండాకాలం ఆఖర్ల గాలివానకు కరెంటు పోవుడు వచ్చుడు పోవుడు వచ్చుడు అయ్యి మిషిన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోయింది, 6,500. మిషిన్ మీద మోటారు 10 ఏండ్ల వారంటీ అని పెద్ద స్టిక్కర్ ఉంటది, మోటారు అంటే మోటారే, బోర్డు కాదు, హీటర్ కాదు, రబ్బరు కాదు. పోయేదేమో ఇవే. కొనేటప్పుడు బోర్డు ఎన్నేండ్లు అని అడిగి బిల్లు మీద రాపిచ్చుకోండి. ఆ తర్వాత స్టెబిలైజర్ పెట్టినం, హీటర్ ఒక్కటే 2000 వాట్లు లాగుతది కాబట్టి ఫ్రిజ్‌కు పెట్టే చిన్నది పనికిరాదు. ఉరుములు మెరుపులు ఉంటే ప్లగ్గే తీసేస్త. ఇంకా ముఖ్యమైంది ఎర్తింగ్. తడి చేతితోని ముట్టుకుంటే జుమ్మంటుంది అంటే అది చిన్న సంగతి అనుకోకండి, ఆ రోజే మిషిన్ బంద్ పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఖర్చు అడిగితే, మీటర్ పెట్టి చూసిన, చన్నీళ్ళ వాష్‌కు 0.2 యూనిట్, 40 డిగ్రీలకు 0.8 దాకా. రోజువారీ బట్టలు నేను చన్నీళ్ళల్లనే వేస్త, దుప్పట్లు, తువ్వాలలు, పిల్లలకు జ్వరమొచ్చినప్పటి బట్టలకే వేడి.

2023 జులై వానలు మా దిక్కు ఎవ్వరూ మర్చిపోరు. మా ఇంట్లకు చీలమండల దాకా నీళ్ళొచ్చినయి. మిషిన్ ఇనుప స్టాండ్ మీద జానెడు ఎత్తుల ఉండె కాబట్టి బతికింది, పక్కింటోళ్ళ మిషిన్ నేల మీద ఉండి మోటారుకు నీళ్ళెక్కింది. స్టాండ్ పెడితే స్పిన్‌ల ఊగుతదని కొందరు వద్దంటరు, నాలుగు కాళ్ళు గట్టిగ బిగిచ్చినయైతే ఊగదు. నాలాల పక్కన ఉండేటోళ్ళు తప్పకుండ పెట్టుకోవాలె.

మరకల విషయంల మిషిన్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. బోనాలకు, పెండ్లిళ్ళకు పసుపు పడ్తది, సబ్బు తగలంగనే ఎర్రగ మారి భయపెడ్తది, అది సబ్బు క్షారానికి వచ్చే రంగు, బాగా జాడిస్తే మళ్ళ పసుపైతది, తర్వాత రెండు మూడు రోజులు మంచి ఎండల వేస్తే అదే పోతది. పసుపుకు ఎండను మించిన మందు లేదు. బతుకమ్మకు గునుగు పూలకు అద్దిన రంగు లంగాలకు అంటితే మాత్రం ఆరనియ్యకుండ అప్పుడే చన్నీళ్ళల్ల వెయ్యాలె, వేడినీళ్ళు తగిలితే పట్టుకుంటది. మేడారం పోయొచ్చిన బట్టలు ముందు బయట దులిపి, బకీట్ల ఒకసారి జాడిచ్చి అప్పుడు మిషిన్ల వేస్త, ఆ ఎర్ర దుమ్ముతోని అట్లనే వేస్తే అదంత పోయి ఫిల్టర్‌ల కూర్చుంటది. చేనేత చీరలు చేతితోనే. వరంగల్ కొత్తవాడల నేసే దర్రీలు, కింద పరుచుకునే మందపు నేత జంపఖానాలు, 2018ల జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చేది) వచ్చినయి కదా, అవి అసలే వెయ్యొద్దు, నీళ్ళు పీల్చి ఒక దిక్కు ముద్ద కట్టి బ్యాలెన్స్ తప్పుతది. మా చెల్లె వాళ్ళింట్ల అట్ల వేసే బేరింగ్ పోగొట్టుకున్నరు. దులిపి ఎండల వేస్తే చాలు.

ఇగ వదిన వాళ్ళ సంగతి. వాళ్ళది పత్తి చేను. అన్నయ్య మందు కొట్టొచ్చిన బట్టలు ఇంట్ల బట్టలతోని కలిపి ఉతకొద్దు, చేతులకు తొడుగులేసుకొని విడిగ జాడిచ్చి, విడిగనే ఉతికి, మిషిన్ల వేసినా తర్వాత ఒకసారి ఉత్త నీళ్ళతోని ఖాళీ వాష్ నడపాలె, పిల్లల బట్టలు అందులనే పడ్తయి కాబట్టి ఇది పట్టుబట్టి చెప్తున్న. వాళ్ళకు ఆడ నల్లా నీళ్ళు తక్కువ, అంత బోరే, కరెంటు నడుమల పోతది, బట్టలకు నల్లరేగడి మట్టి. ఇవన్ని చూస్తే వాళ్ళకు ఫ్రంట్ లోడ్ కంటే మంచి సెమీ ఆటోమేటిక్ నయం అనిపిస్తుంది నాకు. హీటర్ ఉండదు కాబట్టి కాలిపోవుడు లేదు, ఒత్తిడి లేకున్నా బకీటుతోని నింపుకోవచ్చు, మట్టి బట్టలు గంట నానబెట్టుకోవచ్చు, ధర సగం కూడా ఉండదు. లేచి బట్టలు మార్చుడు ఒక్కటే కష్టం. కానీ వాళ్ళ కోడలు ఈ చలికాలం కాన్పుకు ఉంది, చంటిపిల్ల బట్టలకు వేడినీళ్ళు కావాలంటది వదిన, అదీ నిజమే.

మాదానికి ఈ మధ్య స్పిన్‌ల గరగర మొదలయ్యింది, బేరింగ్ అన్నడు మెకానిక్, మొత్తం టబ్బు విప్పాలె, ఏడెనిమిది వేలు అడుగుతున్నడు. హీటరు, బోర్డు ఇప్పటికే కొత్తవి, మోటారు బాగుంది కాబట్టి చేపిద్దామనే అనుకుంటున్నం.

వదిన ఆదివారం వస్తనన్నది. మోటారు వేసి ఐదు నిమిషాలు పోయినంకనే పట్టు, సీస అదే నీళ్ళతోని రెండుసార్లు కడిగి పట్టు అని చెప్పిన. కిట్టుల ఇంకా చుక్కలు మిగిలినయి, 300 లోపల వస్తే ఫ్రంట్ లోడ్, దాటితే సెమీ, చంటిపిల్ల బట్టలకు నీళ్ళు పొయ్యి మీద కాచుకుంటరు.