ఆరు డిస్కుల జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్: ఆరేళ్ల వాడకం తర్వాత

విజయవాడలోని మా పెళ్లి వీడియోల స్టూడియో కోసం 2019లో నాలుగేసి టెరాబైట్ల డిస్కులు ఆరింటితో జెడ్‌ఎఫ్‌ఎస్ (డేటాలో లోపాలను తానే పసిగట్టే ఫైల్ సిస్టమ్) పూల్, అంటే డిస్కులన్నీ కలిపిన ఒకే నిల్వ, ఏర్పాటు చేసుకున్నాను. రెండు డిస్కులంత చోటు పారిటీకి (డిస్కు పోతే డేటాను తిరిగి కట్టడానికి రాసి ఉంచే అదనపు సమాచారానికి) పోయే రెయిడ్-జెడ్2 పద్ధతిని ఎంచుకున్నందువల్ల 24 టెరాబైట్లలో మాకు మిగిలింది దాదాపు 16 మాత్రమే. మిగతా ఎనిమిదీ దండగని మా అన్నయ్య అన్నాడు. కాదని తేలడానికి నాలుగేళ్లు పట్టింది.

2023 మే నెలలో ఒక ఉదయం పూల్ స్థితి చూపే 'జెడ్‌పూల్ స్టేటస్' ఆదేశం కొట్టి చూస్తే పూల్ 'డిగ్రేడెడ్' (రక్షణ తగ్గింది) అని, ఒక డిస్కు 'ఫాల్టెడ్' (చెడిపోయింది) అని కనిపించింది. ఎడిటింగ్ పని మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. పెట్టె తెరిస్తే ఆరు డిస్కులూ ఒకేలా ఉన్నాయి. పొరపాటున బాగున్నదాన్ని లాగితే ఉన్న రక్షణ కూడా పోతుంది. పూల్ కట్టిన రోజే డిస్కులను సీరియల్ నంబరుండే పేర్లతో చేర్చి, ఆ నంబరు చివరి నాలుగు అక్షరాలను ప్రతి ట్రే అంచున కాగితంపై రాసి అంటించి ఉంచడం అప్పుడు నన్ను కాపాడింది.

కొత్త డిస్కు పెట్టాక మొదలయ్యే రీసిల్వర్ అనే పునర్నిర్మాణం డిస్కు మొత్తాన్ని కాక, డేటా ఉన్న బ్లాకులనే తిరిగి కడుతుంది. అయినా మా 11 టెరాబైట్లకు 19 గంటలు పట్టింది. 62 శాతం దగ్గర మరో డిస్కు వరుసలో, రీడ్ లోపాల గడిలో సున్నా పోయి 3 వచ్చింది. అసలు అపాయం ఇక్కడే ఉంది: ఒకే రోజు కొన్న, ఒకే వయసు డిస్కులన్నీ, ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టని బ్లాకులతో సహా, ఏకబిగిన చదవాల్సి వచ్చేది ఆ గంటల్లోనే. రెండో పారిటీ ఉన్నందువల్ల ఆ బ్లాకులు కూడా సరిగ్గా తిరిగి వచ్చాయి. ఒక్క పారిటీయే అయితే ఫలానా ఫైళ్లు చెడిపోయాయని పేర్లు చూపించి ఊరుకునేది. అప్పటివరకు నేను స్క్రబ్‌ను, అంటే ఉన్న డేటా అంతా చదివి లోపాలు వెతికి సరిదిద్దే పనిని, పట్టించుకోలేదు. ఇప్పుడు నెలకొకసారి తప్పకుండా నడుపుతున్నాను.

లోపం కనిపించినంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. ఒకసారి చెక్‌సమ్ (చదివిన డేటా రాసినదానితో సరిపోతోందా అని చూసే లెక్క) గడిలో తప్పులు మాత్రమే పెరుగుతుంటే, డిస్కును కంప్యూటరుకు కలిపే సాటా కేబుల్ మార్చాను. తర్వాతి స్క్రబ్‌లో ఒక్క తప్పూ రాలేదు.

అసంతృప్తి లేకపోలేదు. ఒక్కో డిస్కును చేర్చి రెయిడ్-జెడ్‌ను పెంచుకునే వీలు 2025లో విడుదలైన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో గానీ రాలేదు. అలా పెంచినా పాత డేటా తిరిగి రాసేదాకా పాత పారిటీ నిష్పత్తిలోనే ఉంటుంది. ట్రాకులు ఒకదానిపై ఒకటి పరిచే ఎస్‌ఎంఆర్ డిస్కులతో రీసిల్వర్ విపరీతంగా నెమ్మదిస్తుంది కనుక, అవి చవకగా దొరికినా నేను తీసుకోను. పారిటీ బ్యాకప్ కూడా కాదు: పొరపాటున చెరిపిన ఫోల్డరును అది వెనక్కి తేలేదు కాబట్టి మరో ప్రతి మా ఇంట్లో ఉంచుతున్నాను.

2023లో కొత్త డిస్కు చేతికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత విడి డిస్కు ఒకటి, ముందే పరీక్షించి, స్టూడియో బీరువాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతున్నాను.